ఊరికి ఏది కొనాలో రాసేది ఎవరు? స్థానిక సంస్థల కొనుగోళ్లు, ఆడవాళ్లు, పర్యావరణం

క్లుప్తంగా: మహిళ సర్పంచ్ అయితే పంచాయతీ పర్యావరణానికి మేలు చేసే వస్తువులే కొంటుందా అంటే, అంత సూటిగా ఏం ఉండదు. మన దేశంలో జరిగిన పరిశోధనల ప్రకారం మహిళా నేతలు తమ ఊరి ఆడవాళ్లు దేని కోసం ఎక్కువ అడుగుతారో దాని మీద ఎక్కువ ఖర్చు పెడతారు. ఆ అడిగేవాటిలో నీళ్లు, చెత్త, పొగ, వెలుతురు ఉంటాయి కాబట్టి ఆ దారిలో పర్యావరణం కూడా వస్తుంది. కానీ వస్తువు ఎలా ఉండాలో కాగితం మీద రాసేటప్పుడు ఆడవాళ్లు అక్కడ లేకపోతే, తర్వాత పెట్టే సంతకం వల్ల మారేది చాలా తక్కువ.

ఇప్పుడు ఈ చర్చ ఎందుకు

2025 డిసెంబర్‌లో తెలంగాణలో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. 12,700కు పైగా పంచాయతీలు, అందులో సగం పదవులు ఆడవాళ్లకి రిజర్వ్, అంటే దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్ల చేతిలో ఉన్న ఖాతాలు ఇప్పుడు వేల మంది కొత్త మహిళా సర్పంచుల చేతికి వచ్చాయన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో కూడా రిజర్వేషన్ 50 శాతమే. దేశం మొత్తం చూస్తే పంచాయతీ వ్యవస్థలో ఎన్నికైన మహిళలు 14 లక్షలకు పైనే, మొత్తం ప్రతినిధుల్లో 46 శాతం దాకా ఉంటారని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లెక్క.

ఇంకోపక్క పంచాయతీలు, మున్సిపాలిటీలు కొనే వస్తువులు చూస్తే దాదాపు అన్నీ పర్యావరణంతో ముడిపడ్డవే. వీధి దీపాలు, మోటార్లు, పైపులు, చెత్త బండ్లు, ట్రాక్టర్లు, బ్లీచింగ్ పౌడర్, ఫినాయిల్, మొక్కలు, ఫ్లెక్సీలు, మీటింగుల్లో వాటర్ బాటిళ్లు. 2026 మార్చి దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతాన్ని పారిశుద్ధ్యానికి, తాగునీటికే ఖర్చు పెట్టాలని కట్టేశారు, చెరి సగం. అంటే పంచాయతీకి వచ్చే డబ్బులో పెద్ద భాగం చెత్త, నీళ్లు అనే రెండు పద్దుల్లోనే తిరిగింది, ఈ రెండూ రోజూ ఇంట్లో ఎవరి చేతుల మీదుగా నడుస్తాయో అందరికీ తెలుసు. కాబట్టి "ఆడవాళ్లు, గ్రీన్ కొనుగోళ్లు" అనేది సెమినార్లలో మాట్లాడుకునే టాపిక్ లాగా అనిపించినా నిజానికి ఇది ఊరి బిల్లుల వ్యవహారమే.

ఒక చెత్త రిక్షా కొనాలంటే

వ్యవహారం మొత్తం అర్థం కావాలంటే ఒక్క వస్తువుని పట్టుకుని చూడాలి. ఒక పంచాయతీ ఇంటింటి చెత్త సేకరణకి నాలుగు తొక్కే రిక్షాలు కొనాలనుకుంది అనుకుందాం. ముందు కార్యదర్శి అవసరం రాస్తారు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గర అంచనా తయారవుతుంది, చాలాసార్లు పక్క మండలంలో పోయినేడాది వాడిన అంచనానే తేదీ మార్చి దింపుతారు. తర్వాత పంచాయతీ తీర్మానం, కొటేషన్లు లేదా ప్రభుత్వ సంస్థలు ఆన్‌లైన్‌లో సరుకులు కొనే జెమ్ పోర్టల్‌లో బిడ్డు, తక్కువ రేటు కోట్ చేసినవాళ్లకి ఆర్డర్, సరుకు దిగాక చెకింగ్, బిల్లు. ఇందులో సర్పంచ్ కనపడేది తీర్మానం దగ్గర, చెల్లింపు దగ్గర. రిక్షా ఎలా ఉండాలో నిర్ణయం అయిపోయేది మాత్రం అంతకంటే ముందే, ఆ అంచనా కాగితంలోనే.

ఆ కాగితంలో ఏముంటుంది? డబ్బా కెపాసిటీ, రేకు మందం, చక్రాల సైజు, పెయింటు, పంచాయతీ పేరు రాయించడం. డబ్బా అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలి అనే లైను మాత్రం చాలా అరుదుగా ఉంటుంది. రిక్షా దిగాక చూస్తే ఆ అంచు కార్మికురాలి భుజం ఎత్తుకి వస్తుంది. తడి చెత్త ఉన్న బకెట్‌ని రెండు చేతులతో భుజం దాకా లేపి వంచాలి, వంచేటప్పుడు ఆ నీళ్లు మోచేతి మీద నుంచి జాకెట్ లోపలికి కారతాయి. రోజుకి రెండు మూడు వందల ఇళ్లు. కొన్నాళ్లకి ఆమె ఏం చేస్తుంది అంటే, రిక్షాలో తడికి ఒకటి పొడికి ఒకటి అని అరలు ఉన్నా, చేతికి అందే వైపు ఏ అర ఉంటే దాంట్లోనే అన్నీ వేసేస్తుంది. అలా కలిసిపోయిన చెత్త షెడ్డుకి చేరితే అది ఎరువు అవ్వదు, ప్లాస్టిక్ అమ్మకానికి పనికిరాదు, చివరికి ఊరి చివర గుట్టకి నిప్పు పెడతారు.

బయట నుంచి చూసేవాళ్లు దీన్ని "కార్మికులకి అవగాహన లేదు" అని రాస్తారు, దాంతో అవగాహన సదస్సుకి ఇంకో ఫ్లెక్సీ కొంటారు. కానీ తప్పు జరిగింది కొనుగోలు కాగితంలో. ఊళ్లలో చెత్త పని చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, అంచు ఎత్తు ఒక ఎనిమిది తొమ్మిది అంగుళాలు తగ్గించడానికి అయ్యే అదనపు ఖర్చు దాదాపు ఏమీ లేదు, ఆర్డర్ ఇవ్వక ముందు ఒక్క కార్మికురాలిని పిలిచి ఒక రిక్షా దగ్గర నిలబెట్టి చూస్తే తేలిపోయే సంగతి. చేతి గ్లోవ్స్, గమ్ బూట్ల సంగతి కూడా ఇంతే, పెద్ద సైజులే వస్తాయి, వదులుగా ఉండి జారిపోతాయి, అందుకే మూలన పడి ఉంటాయి.

తక్కువ రేటు ఎవరికి తక్కువ

ఎల్‌1 అంటే నాణ్యత షరతులు దాటినవాళ్లలో తక్కువ రేటు వేసినవాళ్లు. అవినీతికి కళ్లెం వేయడానికి పెట్టిన పద్ధతి, దాని అవసరం దానికి ఉంది. సమస్య ఎక్కడంటే ఆ లెక్కలోకి వచ్చేది కొనే రోజు ధర మాత్రమే, వాడే రోజుల ఖర్చు రాదు.

వీధి దీపం లెక్క చూడండి. పాత ట్యూబ్‌లైటు 40 వాట్లు, చోక్ తినేది కలిపితే 50 దాకా అవుతుంది. రాత్రికి 11 గంటల చొప్పున ఏడాదికి 200 యూనిట్లు. అదే 20 వాట్ల ఎల్ఈడీ అయితే 80 యూనిట్లు. తేడా 120 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలు అనుకుంటే ఒక్క దీపానికి ఏడాదికి 840 రూపాయలు, 300 దీపాలున్న ఊరికి రెండున్నర లక్షలు. కొనేటప్పుడు ఎల్ఈడీ ధర ఎక్కువే, కానీ ఆ ఎక్కువ ఏడాది రెండేళ్లలో వెనక్కి వచ్చేస్తుంది. కేంద్రం 2015 జనవరిలో మొదలుపెట్టిన వీధి దీపాల కార్యక్రమం ఈ లెక్క మీదే నడిచింది, ముందు పెట్టుబడి ఈఈఎస్ఎల్ అనే ప్రభుత్వ రంగ సంస్థ పెట్టుకుంటుంది, కరెంటు ఆదాలోంచి స్థానిక సంస్థ ఏళ్ల తరబడి కడుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను విశాఖని కుదిపేశాక ఆ నగరంలో 90 వేలకు పైగా దీపాలు ఇలాగే మారాయి. ఇక్కడ మలుపు ఏంటంటే, ఇది పర్యావరణం మీద ప్రేమతో జరిగింది కాదు, కొనుగోలు లెక్క రాసే విధానాన్నే మార్చడం వల్ల జరిగింది.

మరి ఇందులో ఆడవాళ్ల సంగతి ఎక్కడ? కరెంటు ఆదా అనేది బిల్లులో కనపడుతుంది కాబట్టి ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ దీపం ఎక్కడ పెట్టాలి అనేది బిల్లులో కనపడదు. మెయిన్ రోడ్డు, గుడి, పంచాయతీ ఆఫీసు ముందు వెలుగు బాగానే ఉంటుంది, బోరు దగ్గరికి పోయే సందు, బస్సు దిగి ఎస్సీ కాలనీకి నడిచే దారి, వీటిలో స్తంభం ఉన్నా దీపం ఉండదు. ఆడవాళ్లతో కలిసి రాత్రి ఏడింటికి ఊరంతా ఒక్కసారి నడిస్తే ఏ స్తంభానికి ముందు దీపం కావాలో జాబితా అరగంటలో తయారవుతుంది. అప్పుడు అదే డబ్బుతో, అదే కరెంటుతో, వెలుగు అవసరమైన చోటుకి చేరుతుంది.

ఇలాంటి కనపడని ఖర్చులు ఇంకా ఉన్నాయి. మధ్యాహ్న భోజనం వండేది ఎక్కువగా పొదుపు సంఘాల ఆడవాళ్లే, గ్యాస్ ఖర్చు గిట్టుబాటు కాక కట్టెల పొయ్యి మీద వండే బడులు ఇంకా చాలా ఉన్నాయి. పద్దులో అది "ఆదా" లాగా కనిపిస్తుంది, ఆ ఆదాకి బదులు ఊపిరితిత్తులు కడుతున్నాయి. ట్రాక్టర్ల కథ ఇంకోరకం. తెలంగాణలో పల్లె ప్రగతి టైంలో ప్రతి పంచాయతీకి ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ కొనిపించారు. మొక్కలకి నీళ్లు పోయడానికి, చెత్త తరలించడానికి అది పనికొచ్చింది, అందులో సందేహం లేదు. కానీ 500 జనాభా కూడా లేని పంచాయతీకి అదే ట్రాక్టర్, దాని కిస్తీ, డీజిల్, డ్రైవర్ జీతం. అంత చిన్న ఊరికి రెండు తొక్కుడు రిక్షాలు, ఒక ఎలక్ట్రిక్ ఆటో సరిపోతాయా అన్న ప్రశ్న అడిగే చోటే లేకుండా పై నుంచి ఒకే సైజు వచ్చింది. అలాంటప్పుడు సర్పంచ్ ఆడవారా మగవారా అన్నదానికి అర్థమే ఉండదు, ఎందుకంటే నిర్ణయం ఊళ్లో జరగనే లేదు.

పరిశోధనలు ఏం తేల్చాయి

ఈ విషయంలో మన దేశానికి ఒక ప్రత్యేకత ఉంది. ఏ పంచాయతీ మహిళకి రిజర్వ్ అవుతుందో రొటేషన్‌లో పడుతుంది కాబట్టి, మహిళా సర్పంచ్ ఉన్న ఊళ్లనీ లేని ఊళ్లనీ పోల్చి తేడా ఎందుకొచ్చిందో గట్టిగా చెప్పగలిగే అవకాశం దొరికింది. రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తర్ డఫ్లో ఇద్దరూ పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో 265 పంచాయతీలు తీసుకుని చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. రెండు చోట్లా మహిళలకి రిజర్వ్ అయిన పంచాయతీల్లో తాగునీటి మీద ఖర్చు పెరిగింది. రోడ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బెంగాల్‌లో పెరిగింది, రాజస్థాన్‌లో తగ్గింది. కారణం వెతికితే, బెంగాల్ జిల్లాలో ఆడవాళ్లు రోడ్డు గురించి కూడా అర్జీలు పెట్టేవాళ్లు, రాజస్థాన్ జిల్లాలో రోడ్డు గురించి అడిగేది మగవాళ్లే.

ఈ ఒక్క ఫలితం చాలా అపోహల్ని తీసేస్తుంది. ఆడవాళ్లకి ప్రకృతి అంటే పుట్టుకతోనే ప్రేమ కాబట్టి గ్రీన్‌గా కొంటారు అనే మాట నిలబడదు. వాళ్ల రోజువారీ పని దేనితో ముడిపడి ఉందో దాన్నే వాళ్లు ముందుకు తెస్తారు. బిందె పట్టుకుని నడిచేవాళ్లకి నీళ్లు ముందు, చెత్త ఎత్తేవాళ్లకి చెత్త ముందు. ఇంట్లో ఆ పనులు మగవాళ్లు చేస్తుంటే వాళ్లూ అదే అడిగేవాళ్లు.

బీనా అగర్వాల్ గుజరాత్, నేపాల్‌లలో అడవి సంరక్షణ సంఘాల మీద చేసిన పరిశోధన ఇంకో సంగతి చెబుతుంది. కమిటీలో ఒకరిద్దరు ఆడవాళ్లుంటే పెద్ద తేడా ఉండదు, పాతిక నుంచి 33 శాతం దాకా ఉంటే అప్పుడు మాట్లాడటం, మీటింగుకి రావడం, నిబంధనల్లో జోక్యం చేసుకోవడం మొదలవుతుంది. ఇది కొనుగోలు కమిటీలకి నేరుగా వర్తిస్తుంది. మహిళా సర్పంచ్ ఒక్కరే, చుట్టూ కార్యదర్శి, ఏఈ, ఉప సర్పంచ్, సప్లయర్ అందరూ మగవాళ్లైతే ఆమె ఒక్కరి మాట ఎంతదాకా పోతుంది?

మూడోది మన దగ్గర జరిగిందే, దీన్ని తెలుగు వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద ఊళ్లోనే జరిగే తనిఖీల (సోషల్ ఆడిట్) రిపోర్టులు తీసుకుని ఫర్జానా అఫ్రీది, ఆమె సహ పరిశోధకులు చూస్తే, మహిళలకి రిజర్వ్ అయిన పంచాయతీల్లో మొదట్లో అవకతవకలు ఎక్కువగా కనిపించాయి. ఇక్కడితో ఆపేస్తే "చూశారా, ఆడవాళ్లకి పాలన చేతకాదు" అనేస్తారు. కానీ కాలం గడిచేకొద్దీ ఆ తేడా చెరిగిపోయింది. అనుభవం లేని మొదటి రోజుల్లో కింది స్థాయి అధికారుల మీద ఎక్కువగా ఆధారపడాల్సి రావడం, దాన్ని వాళ్లు వాడుకోవడం కారణమని, పని నేర్చుకున్నాక పట్టు వచ్చిందని ఆ పరిశోధన తేల్చింది. కొనుగోళ్లకి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే జెమ్ పోర్టల్, బిడ్డు షరతులు, వారంటీ క్లాజులు ఇవన్నీ నేర్చుకునేసరికి రెండేళ్లు పోతాయి, తర్వాత రొటేషన్ మారి సీటు వేరే కేటగిరీకి పోవచ్చు. పట్టు వచ్చే టైంకి పదవి పోవడం అనేది ఈ వ్యవస్థలోనే ఉన్న లోపం.

టోకెన్ ఎవరి జేబులో ఉంది

పంచాయతీ చెల్లింపులు ఇప్పుడు ఈ-గ్రామ్ స్వరాజ్ అనే కేంద్ర పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో పోతున్నాయి. దానికి డిజిటల్ సంతకం టోకెన్ కావాలి, చూడ్డానికి పెన్‌డ్రైవ్ లాగే ఉంటుంది. కంప్యూటర్‌కి పెట్టి పిన్ నంబర్ కొడితే సంతకం అయిపోయినట్టే. 2023 ఏప్రిల్ 24న పంచాయతీరాజ్ దినోత్సవం నాడు మధ్యప్రదేశ్‌లోని రేవాలో ఈ-గ్రామ్ స్వరాజ్‌ని జెమ్ పోర్టల్‌తో కలిపే ఏర్పాటుని ప్రధాని ప్రారంభించారు, దాంతో పంచాయతీలు జెమ్‌లో కొని ఇక్కడి నుంచే డబ్బు కట్టొచ్చు. పారదర్శకత పెరిగింది, నిజమే. కానీ పాతకాలంలో చెక్కు మీద సంతకం పెట్టాలంటే కనీసం ఆమె కూర్చుని పెన్ను పట్టుకోవాలి, ఇప్పుడు టోకెన్, పిన్ రెండూ భర్త దగ్గరో ఆఫీసులో ఇంకొకరి దగ్గరో ఉంటే ఆమెకి తెలియకుండానే ఆర్డర్ పోయి బిల్లు కూడా అయిపోతుంది. ఒక సర్పంచ్ గారింట్లో గోడ మేకుకి బైక్ తాళాలతో పాటు ఆ టోకెన్ కూడా వేలాడుతుంటే, ఆ తాళాలు తీసుకుని బయటికి వెళ్లేది ఎవరు అన్నదాంట్లోనే జవాబు ఉంది.

ఈ "సర్పంచ్ పతి" వ్యవహారం మీద కేంద్రం 2023లో వేసిన కమిటీ 2025లో రిపోర్టు ఇచ్చింది, ఆడవాళ్ల బదులు మగవాళ్లు పెత్తనం చేస్తున్నట్టు రుజువైతే గట్టి శిక్షలు ఉండాలని సూచించింది. శిక్షలతో కొంత భయం వస్తుందేమో గానీ, కొనుగోలు పరిజ్ఞానం రాదు. ఈ రెండూ వేరు వేరు సమస్యలు, చాలాసార్లు కలిపి మాట్లాడేస్తుంటారు.

తెలంగాణలో ఇంకో ముడి కూడా ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్, ఉప సర్పంచ్‌లకి ఉమ్మడి చెక్ పవర్ పెట్టింది. ఉప సర్పంచ్‌ని వార్డు సభ్యులు తమలోంచి ఎన్నుకుంటారు, మహిళా సర్పంచ్ ఉన్న ఊళ్లో ఆ కుర్చీ కోసం మగవాళ్ల మధ్య పోటీ గట్టిగా ఉంటుంది. ఆ రెండో సంతకం కోసం బేరసారాలు నడిచిన ఊళ్లలో ఫలానా షాపు నుంచే కొనాలి అనే షరతు ఎక్కడి నుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు. అదే చట్టం పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని కూడా చెప్పింది, అది మాత్రం మంచి పట్టు. ఎందుకంటే ఆ 10 శాతం ఉందా లేదా అన్నదాని మీద వాదన అవసరం లేదు, దాన్ని నర్సరీకి ఖర్చు పెట్టాలా, ట్రీ గార్డులకా, ఏ మొక్కలకి అన్న దగ్గర మాత్రమే మాట్లాడుకోవాలి.

ప్యాడ్లు, కప్పులు, ఇన్సినరేటర్లు

ఆడవాళ్ల అవసరం, పర్యావరణం రెండూ నేరుగా ఢీకొనేది ఇక్కడే, చాలామంది మాట్లాడకుండా దాటేసేది కూడా ఇక్కడే. బడి పిల్లలకి ఉచిత శానిటరీ ప్యాడ్లు ఇవ్వడం చాలా అవసరమైన పని, ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన స్వేచ్ఛ పథకం కింద 7 నుంచి 12వ తరగతి దాకా ప్రభుత్వ బడుల ఆడపిల్లలకి నెలకి 10 ప్యాడ్లు ఇచ్చారు. ఆ నెలసరి రోజుల్లో బడి మానేసే పిల్లలు తగ్గాలన్నది దాని ఉద్దేశం. అయితే మామూలు ప్యాడ్‌లో పై పొర, కింది పొర ప్లాస్టిక్, లోపల జెల్. కొనేది ఒక శాఖ, పడేసిన తర్వాత ఎత్తేది పంచాయతీ లేదా మున్సిపాలిటీ. అంటే కొనేవాళ్ల లెక్కలో పారవేసే ఖర్చు లేదు, పారవేసేవాళ్ల చేతిలో కొనే అధికారం లేదు. మధ్యలో పొడి చెత్తలోంచి వాటిని చేత్తో ఏరేది కూడా ఇంకో ఆడమనిషే.

దీనికి ఎక్కువ చోట్ల ఆలోచించే పరిష్కారం ఇన్సినరేటర్. బడి బాత్‌రూమ్‌లో గోడకి బిగించి వాడిన ప్యాడ్లు కాల్చే చిన్న మెషిన్లు. తగినంత వేడి రాకుండా ప్లాస్టిక్‌ని కాలిస్తే విష వాయువులు వస్తాయి, వాటిలో డయాక్సిన్లు కూడా ఉంటాయి. సరైన వేడి వచ్చే మెషిన్‌కి ధర ఎక్కువ, కరెంటు ఎక్కువ, ఎల్‌1లో అది నిలబడదు. తక్కువ రేటు మెషిన్ కొంటారు, కాయిల్ పోతుంది, ఆర్నెల్లకి మూలన పడుతుంది. ఆడపిల్లల కోసం కొన్నాం, పర్యావరణం కోసం కొన్నాం అని రెండు రిపోర్టుల్లోనూ రాసుకోవచ్చు, రెండూ జరగవు.

కేరళలో వేరే దారి పట్టారు. అలప్పుజ మున్సిపాలిటీ 2019లో 5,000 మెన్‌స్ట్రువల్ కప్పులు పంచింది. ఎర్నాకుళం జిల్లాలోని కుంబళంగి పంచాయతీని 2022 జనవరిలో దేశంలో తొలి శానిటరీ న్యాప్‌కిన్ రహిత పంచాయతీగా ప్రకటించారు. ప్యాడ్‌కి బదులు శరీరం లోపల పెట్టుకునే ఈ కప్పు ఒక్కటి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది, చెత్త దాదాపు సున్నా. తెలంగాణలో సిద్దిపేట మున్సిపాలిటీలో 2022లోనే రుతుప్రేమ పేరుతో ఒక వార్డులో ఇలాంటి ప్రయత్నం మొదలైంది, అక్కడ కప్పులతో పాటు బట్ట ప్యాడ్లు కూడా ఇచ్చారు. ఇక్కడ గమనించాల్సింది వస్తువు కంటే దాని వెనక జరిగిన పని. కప్పు కొని పంచేస్తే ఎవరూ వాడరు, భయం ఉంటుంది, పెళ్లి కాని పిల్లలు వాడొచ్చా అనే అనుమానాలు ఉంటాయి, ఉడకబెట్టి శుభ్రం చేసుకోవడానికి చాటు కావాలి, నీళ్లు కావాలి. అవన్నీ మాట్లాడటానికి ఆశా కార్యకర్తలు, పొదుపు సంఘాల వాళ్లు, డాక్టర్లు తిరగాలి. అంటే కొనుగోలు బడ్జెట్‌లో వస్తువు ధర కంటే మనుషులు తిరిగే ఖర్చు ఎక్కువ ఉండాలి, మన టెండర్ పద్ధతికి ఇది అస్సలు అలవాటు లేని సంగతి.

ఎవరి దగ్గర కొంటున్నాం

ఏం కొంటున్నాం అనేది ఒక సగం, ఎవరి దగ్గర అనేది ఇంకో సగం. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి, అందులో భాగంగానే మొత్తం కొనుగోళ్లలో 3 శాతం మహిళల సంస్థల నుంచి కొనాలని 2018లో నిబంధన వచ్చింది. కానీ అది కేంద్రానికి, కేంద్ర సంస్థలకే, పంచాయతీకీ మున్సిపాలిటీకీ అది తప్పనిసరి కాదు. జెమ్‌లో మహిళల కోసం 2019లో వుమనియా అనే విభాగం పెట్టారు, అమ్మడానికి దారి తెరుచుకుంది గానీ కొనాలన్న కట్టుబాటు కింది స్థాయిలో లేదు.

మన ఉదాహరణే చూద్దాం. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటి మీద దేశమంతా నిషేధం ఉంది, ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లు అన్నీ అందులోవే. మరి గ్రామసభలో భోజనాలకి పంచాయతీ ఏం కొనాలి? మన్యంలో అడ్డాకులు ఏరి విస్తర్లు కుట్టేది గిరిజన ఆడవాళ్లు, తెలంగాణ పల్లెల్లో మోదుగాకు విస్తర్లు ఇంకా కుడతారు. ప్లాస్టిక్‌కి బదులు సరుకు పక్కనే ఉంది. కానీ ఆ కుట్టేవాళ్లకి జీఎస్టీ నంబర్ ఉండదు, మూడు కొటేషన్లు తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తారు, బిల్లు పాస్ అయ్యేదాకా మూడు నెలలు ఎలా ఆగుతారు. అందుకే పంచాయతీ మండల కేంద్రంలో షాపు నుంచి పేపర్ ప్లేట్లు తెస్తుంది, వాటి మీద మెరిసే పూత మళ్లీ ప్లాస్టిక్కే.

ఈ చిక్కుకి సిద్దిపేట వాళ్లు కనిపెట్టిన దారి స్టీల్ బ్యాంక్. స్టీలు పళ్లాలు, గ్లాసులు ఒకసారి కొని మహిళా సంఘాల చేతిలో పెడితే, ఫంక్షన్లకి అద్దెకిస్తూ వాళ్లే నడుపుతారు. ప్రతిసారీ కొనే బాధ లేదు, సంఘానికి కాస్త ఆదాయం, చెత్త తగ్గుతుంది. కేరళలో హరిత కర్మ సేన ఇదే ఆలోచనని పెద్ద స్థాయిలో చేసింది, కుటుంబశ్రీ అనే పొదుపు సంఘాల ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి పొడి చెత్త తీసుకుంటారు, ఇళ్ల నుంచి వచ్చే యూజర్ ఫీజే వాళ్ల ముఖ్య ఆదాయం. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో కూడా పొదుపు సంఘాల మహిళలే నగరం చెత్త వేరు చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 జూన్‌లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద 36 చిన్న మున్సిపాలిటీలకి 500కు పైగా ఎలక్ట్రిక్ ఆటోలు ఇచ్చారు, వాటికి మహిళలనే డ్రైవర్లుగా పెట్టాలన్నది ఆలోచన. డీజిల్ బండి కంటే నడిపే ఖర్చు తక్కువ, గేర్లు మార్చే పని లేదు, సందుల్లో తిరుగుతుంది. కానీ ఆటో కొన్నంత మాత్రాన సరిపోదు, ఛార్జింగ్ పాయింట్, బ్యాటరీ మార్చే ఖర్చు, ఆమెకి లైసెన్స్, డిపోలో ఆమె వాడుకోవడానికి బాత్‌రూమ్, ఇవన్నీ ఆ కొనుగోలు ఫైల్లోనే ఉండాలి. లేకపోతే బ్యాటరీ పోయిన రోజున బండితో పాటు ఆమె ఉద్యోగం కూడా ఆగిపోతుంది.

జపాన్, వియన్నా

బయటి దేశాలతో పోలిస్తే ఒక ఆసక్తికరమైన విషయం తేలుతుంది. జపాన్ 2000లోనే గ్రీన్ కొనుగోళ్ల చట్టం చేసింది. కేంద్ర సంస్థలకి తప్పనిసరి, స్థానిక సంస్థలు ప్రయత్నం చేయాలి అని. జపాన్ స్థానిక సభల్లో ఆడవాళ్లు 20 శాతం లోపే, అయినా గ్రీన్ కొనుగోళ్లు విస్తరించాయి, కారణం ఏ వస్తువుకి ఏ ప్రమాణం అనే జాబితా రెడీగా ఉండటం, గుమస్తా దాన్ని చూసి ఆర్డర్ పెట్టేయడం. వియన్నా నగరం 1990ల చివర్లో తన గ్రీన్ కొనుగోలు కార్యక్రమం మొదలుపెట్టి క్లీనింగ్ ద్రావణాలకి కూడా ప్రమాణాలు రాసుకుంది. ఆఫీసులు, ఆస్పత్రులు తుడిచేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి ఆ ప్రమాణాల లాభం ముందు వాళ్ల చర్మానికి, ఊపిరికి అందింది, నదికి తర్వాత. మన మున్సిపాలిటీల్లో ఫినాయిల్, యాసిడ్ కొనేటప్పుడు లీటరు రేటు తప్ప ఇంకేదీ చూడకపోవడానికీ దీనికీ ఉన్న తేడా ఒక రెండు పేజీల ప్రమాణాల కాగితం అంతే.

అంటే ప్రమాణాల జాబితా ఉంటే ఆడవాళ్లు లేకపోయినా గ్రీన్ కొనుగోలు జరగొచ్చు, కానీ ఆ జాబితా రాసేటప్పుడు వాడేవాళ్లు లేకపోతే ఇన్సినరేటర్ లాంటివే మళ్లీ వస్తాయి. మనకి రెండోదానికి కావాల్సిన మనుషులు లక్షల్లో ఉన్నారు, మొదటిది లేదు. 2012లో పార్లమెంటులో పెట్టిన ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు 2014లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. కేంద్రం ఆర్థిక నిబంధనల్లో కొన్ని కరెంటు వస్తువులకి స్టార్ రేటింగ్ చూడాలని ఉంది, పంచాయతీల దాకా వచ్చేసరికి అది కార్యదర్శికి గుర్తుంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు.

ఇక ముందు ఏం జరగొచ్చు

2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. కొత్త పాలకవర్గాలు తొలి ఏడాది ప్రణాళికలు వేసుకునే టైం కూడా దాదాపు ఇదే. పాత అనుభవం చూస్తే మొదటి ఏడాదిలో ఎక్కువ కొనుగోళ్లు పాత అంచనాల నకళ్లతోనే జరుగుతాయి, మహిళా సర్పంచులు ఉన్న చోట అధికారుల మీద ఆధారపడటం ఎక్కువగా ఉంటుంది. ఎల్ఈడీ లాంటి వాటిలో మార్పు ఆగదు, ఎందుకంటే కరెంటు బిల్లే తోస్తుంది. ఆంధ్రలో ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద సర్దేసినందుకు సర్పంచులు రోడ్డెక్కిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది, ఆ దెబ్బ తిన్నవాళ్లకి యూనిట్ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ చెత్త బండ్లు, గ్లోవ్స్, క్లీనింగ్ ద్రావణాలు, ప్యాడ్లు, వీటి దగ్గర తోసే బిల్లు ఏదీ లేదు. వీటి నష్టం పంచాయతీ ఖాతాలో పడదు, కార్మికురాలి మోచేతి మీద పడుతుంది. ఈ వస్తువుల్లో మార్పు రావాలంటే అది మహిళా సభ నుంచే రావాలి.

గ్రామసభకి ముందు మహిళా సభ పెట్టాలని ప్రణాళిక మార్గదర్శకాల్లో ఉంది. చాలా చోట్ల అది రిజిస్టర్‌లో సంతకాలతో ముగుస్తుంది, జరిగినచోట కూడా "మంచినీళ్లు కావాలి, లైట్లు కావాలి" అని పనుల పేర్లే తీర్మానంలో ఎక్కుతాయి, వస్తువు ఎలా ఉండాలో ఎక్కదు. అంచు ఎత్తు, గ్లోవ్స్ సైజు, ఏ స్తంభం, వారంటీ ఎన్నేళ్లు, పాడైతే ఎవరికి ఫోన్ చేయాలి, ఈ అయిదు మాటలు ఆ తీర్మానం వెనక పేజీలో రాసి అంచనా తయారు చేసే ఏఈకి జతచేసి పంపడానికి కొత్త చట్టం అవసరం లేదు, కొత్త నిధులు అవసరం లేదు. రిక్షాలు సప్లై చేసే వ్యాపారికి కూడా ఇబ్బంది ఏం ఉండదు, షెడ్డులో వెల్డింగ్ చేసే కుర్రాడికి రేకు ఎక్కడ కోయాలో సుద్దముక్కతో గీసి చూపిస్తే చాలు.